చెవి ఉన్న తంగేడు

“గిది తంగేడు కాదు.”

“తంగేడు కాకుంటే ఏంది మరి, మోదుగా?”

“ఏందో నువ్వే చెప్పాలె. చెక్క కొట్టుకొచ్చింది నువ్వు.”

“చిన్నప్పటి సంది తోళ్ళు నానేసినోన్ని. నాకు తంగేడు నేర్పుతవా అక్కా?”

“నేర్పుడేంది, ముక్కున్నది కదా, వాసన జూడు. ఎనిమిది రోజులకు తోలు బిర్రుగ కావాలె. గిదేమో చేతికి జిగురు జిగురు అంటుతున్నది. కుక్కలు వచ్చి గోడ పక్కన నిలబడ్డయ్.”

“నీళ్ళు మంచియి కావు. గందుకే.”

“నీళ్ళ మీద పెట్టకు. గా నీళ్ళే తాగి మనం బతుకుతలేమా?”

దసరా వెళ్ళిన ఆరో రోజు, మా తమ్ముడు పోశం పెరట్లో, నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ముకు చెరో పక్కన నిలబడి మేం పడిన పోట్లాట ఇది. నాకు అరవై తొమ్మిది, వాడికి అరవై ఆరు. ఇద్దరం సాస్తిలోనే ఉంటాం, మా ఇంటికీ వాడి ఇంటికీ పది నిమిషాల నడక. ఆ పోట్లాట వల్లే మరునాడు మాణిక్‌గఢ్ గుట్టల మీదికి ప్రయాణం కట్టాం. నిజమైన తంగేడు చెక్క, అంటే బెరడు, ఎవరికైనా కావలసి వస్తే దారి తెలియాలని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి వరకే. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మా నాయన ఆసిఫాబాద్ దగ్గరి ఊళ్ళో తోళ్ళు పదును చేసి చెప్పులు కుట్టేవాడు. నన్ను సరిహద్దు దాటించి మరాఠీ రాష్ట్రంలోని సాస్తికి, బొగ్గు గనిలో పనిచేసే ఆయనకు ఇచ్చి చేశారు. నా వెనకే పోశం వచ్చాడు. కూలి చేస్తూనే, నాయన నేర్పిన పనీ చేశాడు. బజార్లో రబ్బరు చెప్పులు నిండిపోయాక మానేశాడు.

ఇప్పుడు మళ్ళీ ఆ పని ఎందుకు మొదలైందంటే, ఒక మొక్కు ఉంది. ఇరవై రెండేళ్ళ కిందట మా పెద్దబిడ్డ కాన్పు కష్టమైంది. మూడు రోజులు ఆస్పత్రి బయట కూర్చుని ఆయన మా ఇంటి మల్లన్నకు చెప్పుల జత మొక్కాడు. తల్లీ పిల్లా బాగున్నారు. మా వాళ్ళలో ఈ మొక్కుకు పద్ధతి ఉంది. తోలు ఇంట్లో పెరిగిన పశువుదై ఉండాలి, తంగేడు చెక్కతోనే పదును కావాలి, మొక్కిన మనిషి పాదం కొలతతోనే కుట్టాలి. మల్లన్న ఆ చెప్పులు వేసుకుని మన ఇంటి చుట్టూ తిరుగుతాడంటారు. మొక్కిన మనిషి తీర్చకుండా పోతే ఏడాది లోపల ఇంటివాళ్ళు తీర్చాలి. ఏడాది దాటితే దేవుడు తీసుకోడు.

ఆయన ఏటా అడిగేవాడు. నేను ఏటా వచ్చే సంవత్సరం చూద్దామనేదాన్ని. పశువు పోతే తోలు అమ్ముకోవచ్చు కదా అని నా లెక్క. “రబ్బరు చెప్పులు పెడితే దేవుడు వద్దంటడా?” అని కూడా అన్నాను. ఆయన ఎదురు మాట్లాడే మనిషి కాదు. పోయిన కార్తీకంలో కన్నుమూశాడు. ఏడాది కార్యానికి ఇక నెలన్నర ఉంది.

శ్రావణంలో మా బర్రె కడుపు ఉబ్బి చచ్చిపోయింది. ఈడ్చుకుపోయేవాళ్ళను వెనక్కి పంపి పోశంతో తోలు తీయించాను. ఉప్పు పట్టించి ఉంచి, దసరాకు ముందు సున్నంలో వేశాం. ఒక సగం ముందుగా చెక్క నీళ్ళలో వేశాడు పోశం. అదే కుళ్ళింది. మిగిలిన సగం ఇంకా సున్నంలోనే ఉంది. ఇంకో మూడు రోజులు మించితే అది కూడా పీలికలైపోతుంది. తర్వాత తోలు పదునయ్యేందుకే నెల కావాలి. ఇంకో బర్రె లేదు.

డ్రమ్ములోంచి ఒక చెక్క పేలిక తీసి కడిగి నమిలాను. నాలుకకు వగరు తగల్లేదు. తడిసిన కట్టెపుల్లలా చప్పగా ఉంది.

“ఏడ కొట్టినవ్ చెప్పు.”

“మట్టిగుట్ట మీద. మస్తు పూసింది.”

గని తవ్వినప్పుడు పైమట్టి తెచ్చి పోసిన గుట్టలు మా ఊరి చుట్టూ ఉన్నాయి. వాటి మీద మొక్కలు నాటారు. పచ్చగా పూస్తాయి. పండుగకు మా పిల్లలు బతుకమ్మలో పేర్చేది కూడా ఆ పూలే. వాళ్ళకు అదే తంగేడు. అది సీమ తంగేడు, పెరగనిస్తే చెట్టవుతుంది. పిల్లలు పొరపడ్డారంటే ఒప్పుకుంటాను. పోశం ఎలా పొరపడ్డాడో ఆ పూట నాకు అర్థం కాలేదు. పని మరిచాడని, లెక్కలేదని నోటికొచ్చినట్టు తిట్టాను.

“సరే, మాణిక్‌గఢ్ గుట్టలకు, జివతి ఘాట్ మీదికి పోదాం. నేను ఎనుకట గాడనే కొట్టెటోన్ని,” అన్నాడు చివరికి.

మరునాడు పొద్దున ఆరు గంటలకు బయలుదేరాం. తోలును సున్నంలోంచి తీసి, కడిగి, సున్నం విరిగేందుకు తవుడు నీళ్ళలో వేసే పని పోశం కోడలికి అప్పగించాం. మాతో రెండు గోనె సంచులు, రెండు కొడవళ్ళు, ఒక కట్టె సుత్తి, ఎనిమిది జొన్నరొట్టెలు, పచ్చిమిర్చి నూరిన ఠేచా, రెండు సీసాల నీళ్ళు. బయట తిండి కొనే అలవాటు నాకు లేదు. నా కాళ్ళకు ఆయన రబ్బరు చెప్పులే ఉన్నాయి. మంచి చెప్పులు మూలన పడేసి కొత్తవి కొనడం దేనికని ఏడాదిగా అవే వేసుకుంటున్నాను. నా పాదం కన్నా రెండు వేళ్ళు పెద్దవి. జారకుండా మడమ వెనక దారం కట్టుకుంటాను.

షేర్ ఆటోలో రాజూరా బస్టాండుకు చేరేసరికి ఆరూ ముప్పావు. బొగ్గు లారీల వెనక వెళ్ళాం కనుక ముఖాలు కడుక్కోవలసి వచ్చింది. నేను కొంగు పిండుకుని వచ్చేలోగా పోశం ఒక బస్సు మెట్టు మీద కాలు పెట్టి పిలుస్తున్నాడు.

“రా అక్కా, ఇదే మనది.”

నాకు మరాఠీ అక్షరాలు కూడబలుక్కుంటే గానీ రావు. పోశం గడగడా చదువుతాడు. అయినా బోర్డు చూసి కూడబలుక్కున్నాను. చంద్రపూర్ అని ఉంది.

“చంద్రపూర్ కోట గోడ మీద తంగేడు కొడ్తవా? దిగు!”

“ఎండ కొట్టింది కండ్లల్ల,” అన్నాడు.

అప్పటికి ఎండ ఇంకా బస్టాండు కప్పు దిగలేదు.

గడ్‌చాందూర్ బస్సు ఏడూ పదికి కదిలింది. మా రాష్ట్రం బస్సుల్లో ఆడవాళ్ళకు సగం టికెట్, అరవై ఐదు దాటిన మగవాళ్ళకూ సగమే. వయసుకు రుజువుగా కార్డు చూపాలి. వెళ్ళేవాళ్ళు మరవకండి. కండక్టరు చిన్నపిల్ల, గట్టి గొంతు.

“ఆజోబా, కార్డ్ దాఖవా,” అంది, తాతా కార్డు చూపించు అని.

పోశం చొక్కా జేబులోంచి కార్డు తీసి ఇచ్చాడు. ఆ పిల్ల అటూ ఇటూ తిప్పి నవ్వింది.

“హే కోణ్ ఆహే, ఆజోబా? ఎవరీమె? మీసాలు లేవు, బొట్టున్నది!”

ముందు సీట్లవాళ్ళు వెనక్కి తిరిగారు. పోశం కార్డు తీసుకుని దాని మీద బొటనవేలితో రుద్దాడు. అక్షరాలు వేలికి తెలుస్తాయేమోనన్నట్టు.

“నా భార్య,” అన్నాడు. “ఆరేండ్లాయె పోయి. రెండూ ఒక్క కాడ్నే ఉంటయ్.”

ఆ పిల్ల నవ్వు ఆపేసింది. “రాహూ ద్యా, ఉండనీ,” అని వాడి తెల్ల జుట్టు వైపు చూసి సగం టికెట్టే కొట్టింది.

నేను కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ కూర్చున్నాను. మరదలు పోయింది ఆరేళ్ళ కిందటే కానీ, మనిషి ముఖం ఉన్న కార్డును మనిషి ఎలా పోల్చుకోలేకపోతాడు?

మా పక్క సీట్లో ఒకామె ఉంది. ఉప్పర్వాహిలో సిమెంటు కంపెనీ వాళ్ళ ఇళ్ళలో వంట చేస్తుందట, పెద్దపల్లి దిక్కు మనిషి. సంచులు, సుత్తి చూసి ఎక్కడికని అడిగింది. చెప్పాను.

“తంగేడు కోసం బస్సెక్కి పోతున్నరా పెద్దమ్మా? కట్టె కోసం కలప దుకాణానికి పోయినట్టున్నది. ఘాట్ కింద రోడ్డు పొంటి మస్తున్నది గదా, అంతా పసుపు పరిచినట్టు!”

“రోడ్డు మీదనేనా?”

“రోడ్డు మీదనే. గుట్టెక్కే పనే లేదు.”

పోశం సంచులు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

గడ్‌చాందూర్‌లో ఎనిమిదింటికి దిగాం. సిమెంటు పొడి వేపాకుల మీద కూడా తెల్లగా పేరుకుని ఉంటుంది అక్కడ. ఆమె ఉప్పర్వాహి ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. ఒక చాయ్ తీసుకుని ఇద్దరం పంచుకున్నాం. జివతి బస్సు ఎనిమిదీ నలభైకి ఉంది. అది పోతే తర్వాతది పదకొండు దాటాకే. ఇదీ గుర్తుంచుకోవలసిన సంగతి, ఎందుకంటే ఆ రోజు నేను గుర్తుంచుకోలేదు.

బస్సు ఊరు దాటి ఘాట్ వైపు తిరిగిందో లేదో, రోడ్డు పక్కన పసుపు కనిపించింది. ఆమె చెప్పినట్టే. నడుము ఎత్తు పొదలు, గుత్తులు గుత్తులుగా పూలు. తంగేడు పువ్వే, తంగేడు ఆకే. “రోకో! ఆపు బాబూ!” అని లేచి నిలబడ్డాను.

“అక్కా, దిగకు. తంగేడు గిట్ల వరుసల మొలుస్తదా?”

“నీ కండ్లను నమ్మి సగం తోలు పోగొట్టుకున్న. ఇగ నా కండ్లతోని జూస్త. దిగు!”

దిగాం. బస్సు వెళ్ళిపోయింది. నేను కొడవలి తీసుకుని ఒక కొమ్మ నరికి వాడి చేతిలో పెట్టాను. వాడు కొమ్మ వైపు చూడలేదు. కళ్ళు ఎటో పెట్టి, ఆకు కాడ మొదట్లో చూపుడు వేలు ఆనించి, కొమ్మ పొడుగునా కిందికి జార్చాడు. మళ్ళీ పైనుంచి కిందికి. తర్వాత గోటితో చెక్క చీల్చి నోట్లో వేసుకున్నాడు.

“చెవి లేదు,” అన్నాడు.

నా చేతిలోకి తీసుకుని కాడ మొదట్లో చూశాను. లేదు. అందం కోసం తెచ్చి నాటిన మొక్క అది. అందుకే వరుసగా ఉంది. నేనూ నమిలాను. చప్పన.

నేను రెండు రోజులుగా అన్నవన్నీ వాడు తిరిగి అనొచ్చు, అనలేదు. సంచులు భుజాన వేసుకుని ఘాట్ వైపు నడక మొదలుపెట్టాడు. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

పైకి నాలుగు కిలోమీటర్ల దాకా ఉంటుంది. తొమ్మిది దాటిన ఎండ. రోడ్డుకు ఒక పక్క రాయి, ఒక పక్క టేకు చెట్లు. లారీ వచ్చినప్పుడల్లా పక్కకు నిలబడాలి. సగం దూరంలో నా చెప్పుకు కట్టిన దారం తెగింది. వంగి ముడి వేసుకుంటుంటే ముందు ధబ్బుమని చప్పుడైంది. పోశం బోర్లా పడ్డాడు. రోడ్డు మీద తలకాయంత రాయి, తెల్ల సున్నం పూసినది. ఎవరికైనా కనిపిస్తుంది.

మోచెయ్యి గీసుకుపోయింది. లేపి కల్వర్టు గోడ మీద కూర్చోబెట్టి నీళ్ళు పోశాను.

“గా రాయి కనబడలేదారా నీకు?”

పోశం నీళ్ళు తాగాడు, మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు.

“రెండేండ్లాయె అక్కా. ఎడమది మొత్తం మబ్బే. కుడిది ఎలుతురు ఉన్నకాడ జర కనబడ్తది. పసుపు అంటే పసుపే కనబడ్తది, పువ్వు కనబడది.”

“మరి మట్టిగుట్ట మీద తడిమి చూడకపోయినవా?”

“కోడలు, పిల్లలు పక్కన్నే ఉండిరి. గుడ్డోని లెక్క తడుముతే ఏమనుకుంటరని చూసినట్టే చూసి కొట్టిన.”

“నాకు చెప్పకపోయినవా?”

“చెప్తే తోలు నా చేతికిస్తుంటివా?”

ఇచ్చేదాన్ని కాదు. నిజం అదే.

వాడే మళ్ళీ అన్నాడు. “బావ ప్రతి ఏడు దసరాకు వచ్చెటోడు అక్కా. ఈసారి కుట్టుదామా పోశం అనెటోడు. అక్క ఒప్పుకున్నదా అని అడుగుతే, వచ్చే ఏడు అన్నది అని నవ్వెటోడు.”

“నవ్వెటోడా?”

“నవ్వెటోడే.”

నేను లేచి చీర దులుపుకున్నాను. వాడి భుజం మీది సంచి నా భుజానికి మార్చుకున్నాను. ఇంక మిగతా దారి నేను ముందు, నా కొంగు చివర పట్టుకుని వాడు వెనక.

పదిన్నరకు పైకి చేరాం. పైన నేల చదునుగా, ఎర్రగా, రాళ్ళు తేలి ఉంటుంది. నీళ్ళు తక్కువ. జొన్న చేను గట్టున ఒకామె మేకలు కాస్తోంది. పోశం మరాఠీలో అడిగాడు, తరవడ్ ఎక్కడ దొరుకుతుందని. తంగేడును వాళ్ళు తరవడ్ అంటారు.

“అదిగో, ఆ రాళ్ళ దగ్గర. మేకలు ముట్టవు, అందుకే మిగిలింది,” అంది ఆమె మరాఠీలో. తర్వాత నా వైపు తిరిగి, “కొమ్మలు కొట్టుకోండి మావ్‌శీ, వేరు మాత్రం తవ్వొద్దు. వానకు నా గట్టు నిలిచేది దాంతోనే,” అంది.

ఎలా గుర్తుపట్టాలో ఇప్పుడు చెబుతాను. పువ్వును నమ్మవద్దు. ఇలా పచ్చగా పూసేవి నాలుగైదు రకాలున్నాయి. ఆకు కాడ కొమ్మను అంటుకునే చోట చూడండి. అటొకటి ఇటొకటి, చిన్నపిల్ల చెవి తమ్మెలా గుండ్రటి రెక్కలుంటాయి. అదే చెవి. ఆకుల వరుస మీద వేలు జార్చితే జతకూ జతకూ నడుమ నువ్వుగింజ కన్నా చిన్న పొక్కు తగులుతుంది. కాయ పలచన, కాగితంలా ఉంటుంది, లోపలి గింజలు పైకి లెక్కపెట్టేట్టు కనిపిస్తాయి. ఇవన్నీ ఉన్నా చివరి పరీక్ష నాలుకే. చెక్క నమిలితే బుగ్గలు లోపలికి లాక్కుపోవాలి.

పోశం పొద ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వేలు పెట్టాడు. అక్కడే ఆపేశాడు.

“ఉన్నది అక్కా.”

నేను చెక్క చీల్చి నోట్లో వేసుకున్నాను. నాలుక ముడుచుకుపోయింది. అరవై ఏళ్ళ కిందటి వగరు అది. మూడో తరగతిలో ఉండగా నాయన బడిలో నా పేరు కొట్టేయించి నన్ను చెక్క కొట్టడానికి తీసుకుపోయాడు. వేళ్ళు ఎర్రగా మారితే నెలల తరబడి పోయేవి కావు. పెళ్ళిచూపులకు అమ్మ చింతపండుతో తోమింది. సాస్తికి వచ్చాక, ఇంక ఆ చెట్టు ముఖం చూడనని సంతోషపడ్డాను. మొక్కు వాయిదా వేసింది ఒక్క పైసల కోసమే అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ రాళ్ళ మధ్య కూర్చున్నాక ఇది కూడా ఉందని తెలిసింది.

కొట్టే పద్ధతి మా నాయనది. మొదటి కొమ్మ చెట్టు మొదట్లోనే పెట్టేయాలి, సంచిలో వేయకూడదు. ఒక పొదకు మూడు కొమ్మలుంటే రెండే కొట్టాలి. మోకాలి ఎత్తున నరికితే వానకు మళ్ళీ చిగురిస్తుంది. వేలంత లావు కొమ్మలు మంచివి. కట్టె సుత్తితో చుట్టూ కొట్టి, మొదట్లో కొడవలితో గాటు పెట్టి లాగితే చెక్క పాము కుబుసంలా ఊడి వస్తుంది. నేను నరికాను, పోశం సుత్తి పట్టాడు. వాడి చేతులకు కళ్ళతో పని లేదు. ఒక్క దెబ్బ వేలికి తగలలేదు.

ఒంటిగంటకు ఇప్పచెట్టు నీడన రొట్టెలు తిన్నాం. మేకలు కాసే ఆమెకు రెండు ఇచ్చాను, ఆమె మజ్జిగ పోసింది. రెండున్నరకు రెండు సంచులు నిండాయి.

తిరుగు బస్సు మూడింటికి దొరికింది. ఈ కండక్టరు మగమనిషి. సంచులు చూసి “హే కాయ్?” అన్నాడు.

“తోలు కోసం చెట్టు చెక్క,” అన్నాను.

“వాసన రాదు కదా?”

“ఇది వేస్తేనే వాసన పోతది బాబూ.”

నవ్వి, వెనక సీటు కిందికి తోయమన్నాడు. కిందికి దిగేటప్పుడు పొద్దున నేను బస్సు ఆపించిన చోటు వచ్చింది. వరుసగా ఆ పసుపు పూలు. పోశం అటు ముఖం తిప్పి, “మస్తు పూసింది గదా అక్కా,” అన్నాడు. ఆ రోజు వాడు చేసిన వెక్కిరింపు అదొక్కటే. పడ్డాను.

గడ్‌చాందూర్ దాటాక అడిగాను. “తోలు అయినంక కుట్టుడెట్ల?”

“కుట్టుడు చేతుల పని అక్కా. కోసుడు నువ్వు చేయాలె, నేను చెప్త.”

“ఏడాది కార్యం కాంగనే చంద్రపూర్ దవాఖానకు పోవాలె. నేను వస్త. కార్డు మాత్రం నీదే తెచ్చుకో.”

“సరే,” అన్నాడు. ఎన్నడూ ఒక్క మాటకు సరే అనని మనిషి.

ఆరింటికి సాస్తి చేరాం. వాడి పెరట్లో పాత నీళ్ళు పారబోసి డ్రమ్ము మూడుసార్లు కడిగాను. చెక్కను రోట్లో దంచి నీళ్ళలో వేశాం. మొదటి రోజు నీళ్ళు పలచగా ఉండాలి. ఒక్కసారే చిక్కటి నీళ్ళలో వేస్తే పైపొర బిగుసుకుని లోపలికి పట్టదు. కోడలు తోలును బాగా కడిగింది. సున్నం జారుడు పోయింది. రాత్రి భోజనాల వేళకు తోలు నీళ్ళలో మునిగింది.

ఈ ప్రయాణానికి ఇద్దరికీ కలిపి మూడు వందలు దాటలేదు. దూరం కూడా ఎక్కువ కాదు. ఇరవై రెండేళ్ళలో ఏ రోజైనా పోయి రాగలిగిన దూరమే.

మరునాడు పొద్దున ఏడు గంటలకు పోశం ఇంటికి వెళ్ళాను. వాడు అప్పటికే డ్రమ్ము పక్కన కూర్చుని ఉన్నాడు. మోచేతి దాకా చెయ్యి పెట్టి తోలు పైకి తీశాడు, అంచున గోరంత ముక్క కోసి నా అరచేతిలో పెట్టాడు.

“ఏం రంగున్నది అక్కా?”

ఎండకు తిప్పి చూశాను.

“అంచుల దారమంత మందం చాయ్ రంగు వట్టింది. నడుమ ఇంకా తెల్లగనే ఉన్నది.”

“జిగురు?”

“లేదు.”

“పట్టుకున్నట్టే. ఇగ ప్రతి రెండు రోజులకు నువ్వచ్చి రంగు చెప్పాలె.” తోలును మళ్ళీ నీళ్ళలోకి వదిలి చేతులు తుడుచుకున్నాడు. “బావ పాదం కొలత కావాలె.”

చెప్పులు విప్పి, నల్లా కింద కడిగి, తుడిచి, సిమెంటు సంచి కాగితం పరిచి దాని మీద పెట్టాను. పోశం ఎడమ చేతి వేలితో అంచు తడుముకుంటూ, కుడి చేత్తో బొగ్గు ముక్క పట్టుకుని చుట్టూ గీత గీశాడు. నేను కాగితం కదలకుండా పట్టుకున్నాను. మడమ దగ్గర వాడి వేలు ఆగింది. ఆయన అరగదీసిన గుంత అక్కడ అట్లాగే ఉంది. ఏడాది వేసుకున్నా నా పాదం అంత దూరం అందలేదు.

“ఇవి కుట్టేదాక నా దగ్గర్నే ఉంచు అక్కా. మళ్ళ మళ్ళ తడుముకోవాలె.”

ఉంచాను. అక్కడినుంచి మా ఇంటికి ఉత్త కాళ్ళతో నడిచి వచ్చాను.